సోలోనా, స్క్వాడా? ఎవరితో అన్నది ముందు తేల్చుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్ తుపాకీ ఆటల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. పిల్లలు ఎలాగూ ఈ ఆటలు మానరు గనుక, కనీసం జట్టుగా, అంటే స్క్వాడ్‌లో కాకుండా ఒంటరిగా, అంటే సోలోలో ఆడేలా చూడమని వ్యాసకర్త తల్లిదండ్రులకు సలహా ఇచ్చారు. జట్టులో ముక్కూమొహం తెలియనివాళ్లతో మాటలు కలుస్తాయన్నది ఆయన భయం. ఆ భయానికి ఆధారం ఉంది. అయినా ఆ సలహా సరైనది కాదని నా అభిప్రాయం. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నెట్ సెంటర్‌లో కౌంటర్ స్ట్రైక్ అనే ఆటతో మొదలుపెట్టి, ఇప్పుడు సెలవులకు వచ్చే అన్నయ్య పిల్లలతో కలిసి ఫోనులో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఆడుతున్నవాడిని గనుక, ఈ ఆటలను లోపలి నుంచి చూసినవాడిగా నాలుగు మాటలు రాయాలనిపించింది. సోలోకూ స్క్వాడ్‌కూ మధ్య ఎంపిక కంటే, స్క్వాడ్‌లో పక్కన ఉన్నది ఎవరు అన్న ప్రశ్న చాలా పెద్దది. వ్యాసం ఆ ప్రశ్న జోలికి వెళ్లలేదు.

ఆట తెలియని పాఠకుల కోసం కొంత వివరణ అవసరం. 2017లో కంప్యూటర్ మీద, 2018లో ఫోన్లలో వచ్చిన పబ్జీయే మన దేశంలో ఈ తరహా ఆటలకు ఇంటింటా పేరు తెచ్చింది. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం దానిని నిషేధించింది. 2021 జూలైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో తిరిగి వచ్చి, 2022 జూలైలో యాప్ స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో మళ్లీ ప్రత్యక్షమైంది. అందులో అందరికీ తెలిసిన ఎరాంగెల్ మ్యాపు పొడవు 8 కిలోమీటర్లు, వెడల్పు 8 కిలోమీటర్లు. విమానంలోంచి దూకిన వంద మంది ఇళ్లలో తుపాకులు, మందులు ఏరుకుంటూ, అంతకంతకూ కుంచించుకుపోయే జోన్‌లో, అంటే ఆట సాగే వలయంలో, చివరిదాకా మిగలడానికి ప్రయత్నిస్తారు. సోలోలో దిగితే మీకు 99 మంది శత్రువులు. నలుగురి స్క్వాడ్‌గా దిగితే మ్యాపు మీద ఉండేవి 25 జట్లు. అందరి నైపుణ్యమూ సమానమే అనుకుంటే సోలోలో గెలిచే అవకాశం నూటికి ఒకటి, స్క్వాడ్‌లో నూటికి నాలుగు. చికెన్ డిన్నర్ అనే ఆ గెలుపు రుచి తరచుగా కావాలనుకునేవారు స్క్వాడ్ వైపు మొగ్గడానికి ఈ లెక్క ఒక్కటే చాలు.

అసలు తేడా మాత్రం అంకెల్లో లేదు, తూటా తగిలిన తర్వాత జరిగేదాంట్లో ఉంది. స్క్వాడ్‌లో ప్రాణశక్తి అయిపోయిన ఆటగాడు వెంటనే చనిపోడు. నాక్ అవుతాడు, అంటే తుపాకీ పట్టుకోలేక నేల మీద పాకుతూ ఉంటాడు. ఆ లోపల తోటివాడు ఎవరైనా వచ్చి పది సెకన్లపాటు పక్కన కూర్చుంటే తిరిగి లేస్తాడు. ఈ పది సెకన్ల చుట్టూనే స్క్వాడ్ ఆట మొత్తం అల్లుకుని ఉంది. పడిపోయినవాడిని లేపడానికి వెళ్లేవాడు ఆ సమయంలో తుపాకీ పేల్చలేడు గనుక మూడోవాడు కాపలా కాయాలి, నాలుగోవాడు పొగబాంబు వేసి తెర కట్టాలి. శత్రువులకు ఇదంతా తెలుసు గనుక పడిపోయినవాడిని కావాలని వదిలేసి, లేపడానికి వచ్చేవాడి కోసం గురిపెట్టి కూర్చుంటారు. మామూలు సోలోలో ఈ నాటకమంతా లేదు. ప్రాణశక్తి సున్నా అయితే ఆట ముగిసినట్లే, లాబీలోకి, అంటే ఆట మొదలుపెట్టే తెర మీదికి వచ్చి పడతారు. ఒకే మ్యాపు, అవే తుపాకులు, అదే జోన్ అయినా ఈ ఒక్క నిబంధన వల్ల రెండూ రెండు వేర్వేరు ఆటలయ్యాయి.

అందుకే ఆటగాడి స్వభావం కూడా మారుతుంది. సోలోలో నూటికి తొంభై పాళ్లు చెవులతో ఆడాలి. పై అంతస్తులో అడుగుల చప్పుడు వినిపిస్తే అది శత్రువుదే, అనుమానం అక్కర్లేదు. స్క్వాడ్‌లో అదే చప్పుడు తమ్ముడిదో శత్రువుదో తేల్చుకోవడానికే అర నిమిషం పడుతుంది. సోలోలో దిక్కులు నాలుగూ ఒక్కడే చూసుకోవాలి గనుక పరుగెత్తడం కంటే నక్కి కూర్చోవడం లాభసాటి. మన ఫోన్లలో ఎక్కువమంది ఆడేది పాత్ర వీపు వెనక నుంచి చూసే థర్డ్ పర్సన్ పద్ధతిలో. అందులో గోడ చాటున ఉన్నవాడు తల బయటపెట్టకుండానే అవతలి వీధి మొత్తం చూడగలడు, వీధిలో నడిచేవాడికి మాత్రం అతడు కనపడడు. సోలోలో మెట్ల పక్కనా, స్నానాల గదిలోనూ మాటువేసేవాళ్ల మీద వచ్చే తిట్లన్నీ నిజానికి ఈ కెమెరాకు తగలాలి. పాత్ర కళ్లతోనే చూసే ఫస్ట్ పర్సన్ పద్ధతిలో సోలో ఆడి చూస్తే ఆ చిరాకు చాలావరకు తగ్గుతుంది. ఎదుటివాడిని చూడాలంటే మనమూ కనపడక తప్పదు.

సోలో పిల్లలకు నేర్పేదేమీ లేదని నేను అనడం లేదు. నిజానికి ఆటలోని మెళకువలన్నీ అక్కడే వంటబడతాయి. తుపాకీ పేలుతున్నకొద్దీ పైకి ఎగిరే గురిని కిందికి లాగడం, ఏ తుపాకీకి ఏ స్కోపు నప్పుతుందో గ్రహించడం, జోన్ ఎటు కదులుతుందో ముందే ఊహించి గుట్టెక్కడం, ఏ పోరులోకి దిగాలో ఏ పోరును వదిలేసి పోవాలో తేల్చుకోవడం, ఇవన్నీ ఒకరి మీద ఆధారపడకుండా నేర్చుకోవలసినవి. నెపం వేయడానికి సోలోలో మరొకరు దొరకరు. పోయినప్పుడు ఎందుకు పోయామో చంపినవాడి వైపు నుంచి ఆ క్షణాన్ని మళ్లీ చూపించే కిల్‌క్యామ్‌లో కనపడుతుంది. అన్నయ్య పెద్దకొడుకు స్క్వాడ్‌లో ఓడిన ప్రతిసారీ ముగ్గురి పేర్లు చెబుతాడు, సోలోలో ఓడితే నోరెత్తకుండా మళ్లీ స్టార్ట్ నొక్కుతాడు. ఆ మౌనంలో వాడు నేర్చుకుంటున్నది ఎక్కువని నా నమ్మకం.

అయితే సోలోకు దాని రోగాలు దానికున్నాయి. అందులో మొదటిది టీమింగ్. సోలోలో దిగిన ఇద్దరు ముగ్గురు స్నేహితులు బయట ఫోనులో మాట్లాడుకుంటూ, లోపల ఒకరినొకరు కాల్చుకోకుండా మిగతావారిని వేటాడటాన్ని అలా అంటారు. నిబంధనల ప్రకారం ఇది తప్పే, ఫిర్యాదు చేసే మీట కూడా ఉంది. కానీ ఒంటరిగా, నిజాయితీగా ఆడేవాడికి ఎదురయ్యే అన్యాయాల్లో ఇంతకంటే చేదైనది లేదు. రెండోది, బతికి ఉండటానికే ర్యాంకు పాయింట్లు దక్కే పద్ధతిలో, ఒక్క తూటా పేల్చకుండా గడ్డిలో పడుకుని చివరి పది మందిలోకి చేరడం ఒక విద్యగా స్థిరపడిపోయింది. పాము ఆట అని పిల్లలు ఎగతాళి చేస్తారు గానీ, ర్యాంకు పెంచుకోవాలనుకున్నప్పుడు వాళ్లూ చేసేది అదే. అరగంటసేపు గడ్డిలో పడుకున్న పిల్లవాడు భద్రంగా ఉన్నాడని తల్లిదండ్రులు సంతోషించవచ్చు, కానీ ఆ అరగంటలో వాడు ఆడింది ఏమిటో నాకు అర్థం కాదు.

ఇక్కడ కొంత వెనక్కి వెళ్లాలి. ఈ జాతి ఆటలు పుట్టినప్పుడు ఒంటరి పోరే రాజ్యమేలింది. 1993లో వచ్చిన డూమ్, 1996లో వచ్చిన క్వేక్ ఆటల్లో ఎవరికి వారుగా తలపడే డెత్‌మ్యాచ్‌కే మోజు ఎక్కువ. 1997లో అమెరికాలో క్వేక్ పోటీ గెలిచిన డెన్నిస్ ఫాంగ్ అనే యువకుడికి, ఆ ఆటను తయారుచేసినవారిలో ఒకరైన జాన్ కార్మాక్ తన ఫెరారీ కారునే బహుమతిగా ఇచ్చేశారు. తర్వాత రెండేళ్లకే, 1999లో, హాఫ్ లైఫ్ అనే మరో ఆటకు అభిమానులు చేసిన మార్పుగా కౌంటర్ స్ట్రైక్ వచ్చింది. రెండు జట్లు, ఒకరు బాంబు పెట్టాలి, మరొకరు అడ్డుకోవాలి, చనిపోయినవాడు ఆ రౌండు ముగిసేదాకా చూస్తూ కూర్చోవాలి. మన హైదరాబాదులోనూ, విజయవాడలోనూ, ఇంజనీరింగ్ కాలేజీలున్న ప్రతి ఊళ్లోనూ నెట్ సెంటర్లు గంటల లెక్కన నిండిపోయింది ఈ ఆటతోనే.

ఆ నెట్ సెంటర్ జట్టుకూ నేటి స్క్వాడ్‌కూ మధ్య ఉన్న తేడాను మీ వ్యాసకర్త గమనించి ఉంటే ఆయన సలహా వేరుగా ఉండేది. అప్పటి జట్టులో ఐదుగురూ ఒకే గదిలో, పక్కపక్క కుర్చీల్లో ఉండేవాళ్లు. మైకులు లేవు, అరుపులే. నోరు జారితే పక్కవాడి మోచెయ్యి తగిలేది, మరీ మితిమీరితే సెంటర్ యజమాని వచ్చి కంప్యూటర్ ఆపేసేవాడు. ఆట అయ్యాక అందరూ కలిసే టీ తాగాలి గనుక ఎంత కోపం వచ్చినా ఒక హద్దు ఉండేది. ఇంటర్నెట్ వేగం పెరిగి మ్యాచ్‌మేకింగ్ వచ్చాక జట్టును కూర్చే పని కంప్యూటర్ చేతిలోకి వెళ్లింది. మీట నొక్కిన కొద్ది సెకన్లలోనే ఎక్కడెక్కడివాళ్లో ముగ్గురు మీ జట్టులోకి వచ్చి పడతారు. వాళ్ల పేరు, వయసు, ఊరు, భాష ఏవీ తెలియవు. ఆట ముగిశాక మళ్లీ కనపడరు. పిల్లల మాటల్లో వీళ్లు రాండమ్స్. జట్టు ఆట మీద మీ వ్యాసంలో ఉన్న ఆరోపణలన్నీ, నా దృష్టిలో, జట్టు మీద కాక ఈ రాండమ్స్ పద్ధతి మీద పెట్టవలసినవి.

ఆట కంపెనీలకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. వాలరెంట్ అనే ఆటను చూడండి. 2020లో వచ్చిన ఈ ఆటలో జట్టుకు ఐదుగురు. ర్యాంకు పోటీలోకి ఒంటరిగా వెళ్లవచ్చు, ఇద్దరుగా వెళ్లవచ్చు, ముగ్గురుగా, ఐదుగురుగా కూడా వెళ్లవచ్చు. నలుగురుగా మాత్రం వెళ్లనివ్వరు. ఎందుకంటే నలుగురు స్నేహితుల మధ్య పడిన ఐదోవాడి పరిస్థితి దుర్భరంగా ఉంటోందని, వాడిని వెలివేసినట్లు చూస్తున్నారని, ఓటమికి వాడినే బాధ్యుడిని చేస్తున్నారని ఆ ఆటను నడిపేవారు గ్రహించారు. సమస్య సోలోలో లేదు, ఐదుగురి జట్టులోనూ లేదు. జట్టులో పరాయివాడు ఒక్కడే అయినప్పుడు ఉందని ఆ నిబంధన ఒప్పుకుంటోంది. మన ఇళ్లలో పిల్లవాడు ముగ్గురు అపరిచితుల మధ్య ఆ ఒక్కడు కాకుండా చూసుకోవడమే పెద్దలు చేయవలసిన మొదటి పని అని నేననేది ఇందుకే.

2019 ఫిబ్రవరిలో వచ్చిన ఎపెక్స్ లెజెండ్స్ మరో దారి వెతికింది. అందులో అసలు ఆట ముగ్గురి జట్టు. అపరిచితులు ఒకరితో ఒకరు మాట్లాడకుండానే కలిసి ఆడేందుకు వాళ్లు పింగ్ అనే ఏర్పాటును బాగా అభివృద్ధి చేశారు. ఒక్క మీట నొక్కితే, మీరు చూస్తున్న చోట శత్రువు ఉన్నాడనో, ఈ తూటాలు నాకు కావాలనో, అటు వెళ్దామనో తోటివారికి గుర్తు పడుతుంది, పాత్రే ఆ మాట పలుకుతుంది. తర్వాత దాదాపు ప్రతి ఆటా ఈ పద్ధతిని తెచ్చుకుంది. బీజీఎంఐలోనూ గుర్తులు పెట్టే సౌకర్యం, ముందే రాసి ఉంచిన చిన్న చిన్న వాక్యాలు ఉన్నాయి. అంటే మైకు పూర్తిగా ఆపేసి కూడా రాండమ్స్‌తో స్క్వాడ్ ఆడవచ్చు. ఎంత బాగా ఆడవచ్చన్నది వేరే మాట. ఇంటి లోపల ఎదురుపడిన పోరులో గుర్తు పెట్టే తీరిక ఉండదు, "మెట్ల మీద ఒకడు, వెనక గదిలో ఇంకొకడు" అని నోటితో చెప్పడానికి మించినది లేదు.

అదే ఎపెక్స్‌లో 2019 ఆగస్టులో కొద్దిరోజులు సోలో పెట్టి తీసేశారు. ఒకరు కవచం వేస్తే మరొకరు చికిత్స చేసేలా పాత్రలన్నీ జట్టు కోసమే మలచినవి గనుక ఒంటరి ఆటలో వాటి శక్తులు చాలావరకు నిరుపయోగమయ్యాయన్నది కారణం. ఆటగాళ్లు అడుగుతూనే ఉన్నారు, 2024లో మళ్లీ కొద్ది వారాలు పెట్టారు. సోలో కావాలా, స్క్వాడ్ కావాలా అనే నిర్ణయంలో కొంత భాగం ఆట రూపశిల్పులే మన తరఫున చేసేస్తారని చెప్పడానికి ఈ ఉదాహరణ. కౌంటర్ స్ట్రైక్‌లోనో వాలరెంట్‌లోనో డెత్‌మ్యాచ్ అనే ఎవరికివారు ఆట ఉన్నా అది గురి సాధన కోసమే. అసలు పోటీ జట్టుదే. నిజమైన ఎంపిక ఉన్నది పబ్జీ, ఫోర్ట్‌నైట్, ఫ్రీ ఫైర్ వంటి, చివరిదాకా మిగిలినవారే గెలిచే బ్యాటిల్ రాయల్ ఆటల్లోనే.

ర్యాంకు గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను, ఎందుకంటే మా ఇంట్లో జరిగే గొడవల్లో సగం దాని గురించే. "నేను బాగానే ఆడుతున్నాను బాబాయ్, రాండమ్స్ వల్ల నా ర్యాంకు పడిపోతోంది" అనే ఫిర్యాదులో నిజమెంత? మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఎక్స్‌బాక్స్ 360 అనే ఆట యంత్రం కోసం, ఆటగాళ్ల స్థాయిని అంచనా వేసే ట్రూస్కిల్ అనే పద్ధతిని తయారుచేసినప్పుడు, ఒక ఆటగాడి అసలు నైపుణ్యం తేలడానికి కనీసం ఎన్ని ఆటలు కావాలో లెక్కగట్టారు. ఇద్దరి ముఖాముఖిలో 12 ఆటలు చాలు. పదహారు మంది ఎవరికి వారుగా ఆడితే మూడే చాలు. అదే నలుగురు నలుగురి చొప్పున రెండు జట్లయితే 46 ఆటలు, ఎనిమిది మంది చొప్పున అయితే 91 ఆటలు కావాలి. జట్టు గెలుపోటముల్లోంచి ఒక్కడి వాటాను విడదీయడం అంత కష్టం. కాబట్టి వారం పదిరోజుల ఆటలో రాండమ్స్ వల్ల ర్యాంకు పడిందన్న మాట నిజమే కావచ్చు. సీజన్ మొత్తం అదే పాట పాడితే నమ్మనక్కర్లేదు. ఐదుగురి జట్టులో మనం కాక మిగిలినవాళ్లు నలుగురే, అవతలివాళ్లు ఐదుగురు. ఆట రానివాడు అవతలి జట్టులో పడే అవకాశమే కాస్త ఎక్కువ. ఆటలు పెరిగేకొద్దీ ఆ అదృష్ట దురదృష్టాలు చెల్లిపోయి, ప్రతి జట్టులోనూ మారకుండా ఉన్నవాడు ఒక్కడే మిగులుతాడు. తన స్థాయి త్వరగా, నిక్కచ్చిగా తెలుసుకోవాలనుకునే పిల్లవాడికి సోలోకు మించిన కొలబద్ద లేదు. సోలోను నేను మెచ్చుకునేది ఈ ఒక్క విషయంలో, వ్యాసకర్త చెప్పిన భద్రత విషయంలో కాదు.

మన రాష్ట్రాల పిల్లలకు సంబంధించి రాండమ్స్‌తో మరో చిక్కు ఉంది. మన దేశపు సర్వర్లలో మైకుల్లో ఎక్కువగా వినపడేది హిందీ. మన పల్లెల నుంచి, చిన్న పట్టణాల నుంచి ఆడే పిల్లలు మొదట్లో బెదిరి మైకు ఆపేస్తారు. మాట్లాడనివాడిని మిగతా ముగ్గురూ లెక్కచేయరు, నాక్ అయినా లేపరు. కొందరు ఈ దెబ్బతోనే హిందీ నేర్చుకున్నారు, అది వేరే లాభం. మరికొందరు తెలుగువాళ్లు మాత్రమే ఉండే బృందాలను వెతుక్కుంటారు, అక్కడ ఆట బాగుపడుతుంది గానీ పరాయివాళ్లు పరాయివాళ్లే. ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. గొంతు విన్న క్షణం నుంచి మాటల తీరు మారిపోతుంది, ఆట అయ్యాక స్నేహపు అభ్యర్థనలు మొదలవుతాయి. అందుకే బాగా ఆడే అమ్మాయిల్లో చాలామంది మైకు ఆపేసో, మగపేరు పెట్టుకునో, లేకుంటే సోలోలోనో ఆడతారు. వాళ్లకు సోలో ఇష్టమై ఆడుతున్నారని అనుకుంటే పొరపాటు. స్క్వాడ్‌లో చోటు లేక అటు వెళ్లారు. వాళ్లనూ సోలోలోనే ఉండిపొమ్మని మన పత్రికలు సలహా ఇస్తే, తప్పు చేస్తున్నవాళ్లను వదిలేసి, పడుతున్నవాళ్లను గదిలోకి నెట్టి తలుపు వేసినట్లవుతుంది.

తెలిసినవాళ్ల స్క్వాడ్ మాత్రం మరో లోకం. సెలవుల్లో మా ఇంట్లో నాలుగు ఫోన్లు, ఒక మంచం, ఒక వైఫై. పెద్దవాడు ముందు దూసుకుపోతాడు, రెండోవాడు దూరం నుంచి స్నైపర్ పడతాడు, వాళ్ల చెల్లెలు ఎవరి దగ్గర ఏ మందులు తక్కువున్నాయో చూసి పంచుతుంది, నేను బండి నడుపుతాను. మేము నాక్ అయిన చోట మమ్మల్ని లేపడానికి ఎప్పుడూ ముందు వచ్చేది ఆ పిల్లే. ఎక్కువ కిల్స్ వాళ్ల అన్నలవి, ఎక్కువ రివైవ్‌లు, అంటే పడినవాళ్లను లేపడాలు, తనవి, మ్యాచ్ ముగింపు పట్టికలో రెండూ కనపడతాయి. కబడ్డీలో కూతకు వెళ్లేవాడు ఒక్కడే అయినా తిరిగి వచ్చేసరికి గీత ఇవతల ఆరుగురు నిలబడి ఉంటారు. ఆ ఆరుగురూ తెలిసినవాళ్లైనప్పుడే వాడు అంత లోపలికి వెళ్లగలడు. ఈ అనుభవాన్ని ఆపమని చెప్పి, బదులుగా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గదిలో ఒక్కడే సోలో ఆడే పిల్లవాడిని ఆదర్శంగా చూపించడం నాకు మింగుడుపడని విషయం.

తల్లిదండ్రులకు నిత్యం ఎదురయ్యే గొడవ మరొకటి ఉంది, దాన్ని వ్యాసం ఒక్క వాక్యంలో దాటేసింది. అన్నానికి పిలిస్తే "ఐదు నిమిషాలు" అనే ఆ జవాబు. ఆన్‌లైన్ ఆటను మధ్యలో ఆపి ఉంచే వీలు లేదు. సోలోలో లేచి వచ్చేస్తే పోయేది తన పాయింట్లే. స్క్వాడ్‌లో లేచి వస్తే ముగ్గురిని నడిమధ్యలో వదిలేసినట్లు, వాళ్లు మర్నాడు బడిలో కనపడతారు కూడా. పిల్లవాడి మొండితనంలో కొంత భాగం ఆ మాట నిలబెట్టుకోవాలన్న తాపత్రయమే. ఎరాంగెల్‌లో చివరిదాకా నిలిస్తే ఒక ఆట అరగంట దాకా సాగుతుంది. ఫ్రీ ఫైర్‌లో దిగేది యాభై మంది, ఆట పది నిమిషాలకు కాస్త అటూఇటూ. బీజీఎంఐలోనే నలుగురు నలుగురి చొప్పున ఆడే టీడీఎం (టీమ్ డెత్‌మ్యాచ్) ఉంది, ముందుగా నలభై కిల్స్ చేసిన జట్టు గెలుస్తుంది, అదీ పది నిమిషాల్లో తేలిపోతుంది. కాబట్టి వంట అవుతున్న వేళ సోలోనో టీడీఎమ్మో, తీరిక ఉన్న ఆదివారం మధ్యాహ్నం స్క్వాడ్ అని ఇంట్లో ఒక అవగాహనకు రావడం, రోజుకు ఇన్ని నిమిషాలని గడియారం పట్టుకు కూర్చోవడం కంటే బాగా పనిచేస్తుంది. పద్దెనిమిదేళ్ల లోపువారికి పెద్దల ఫోనుకు ఓటీపీ పంపడం, రోజుకు మూడు గంటల పరిమితి పెట్టడం 2021లో బీజీఎంఐ వచ్చినప్పుడే జరిగింది. అవి సమయాన్ని కొలుస్తాయి, పక్కన ఎవరున్నారో కొలవలేవు.

ఆటనే వృత్తిగా చేసుకుంటామనే పిల్లలు ఇప్పుడు ప్రతి బంధువర్గంలోనూ ఒకరిద్దరు ఉంటున్నారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం ఆటలను నిషేధిస్తూనే ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపు ఇచ్చాక ఆ మాట మరింత గట్టిగా వినపడుతోంది. వాళ్లకు చెప్పవలసినది ఒకటుంది. 2017లో జర్మనీలోని కొలోన్‌లో జరిగిన పబ్జీ తొలి పెద్ద పోటీలో సోలోకు, డుయోకు (ఇద్దరి జట్టుకు), స్క్వాడ్‌కు విడివిడిగా బహుమతులు ఉండేవి. మరుసటి ఏడాది బెర్లిన్ పోటీకి వచ్చేసరికి స్క్వాడే మిగిలింది. 2024 జూన్ చివర్లో మన హైదరాబాద్ హైటెక్స్‌లో జరిగిన బీజీఎంఐ జాతీయ పోటీ తుది అంకంలో తలపడినవి కూడా పదహారు జట్లే. ఒంటరిగా పేరు తెచ్చుకున్నవాళ్లు లేరని కాదు. 2019లో న్యూయార్క్‌లో జరిగిన ఫోర్ట్‌నైట్ ప్రపంచ కప్ సోలో విభాగంలో కైల్ గియర్స్‌డార్ఫ్ అనే పదహారేళ్ల కుర్రవాడు 30 లక్షల డాలర్లు గెలిచాడు. కానీ మన దేశంలో, మన పిల్లలు ఆడే ఆటల్లో ఆ దారి దాదాపు మూసుకుపోయింది. పోటీల్లోకి వెళ్లాలనుకునేవాడికి సోలో సాధనగదే తప్ప రంగస్థలం కాదు.

యూట్యూబులో లక్షలమంది చూసే సోలో వర్సెస్ స్క్వాడ్ వీడియోల గురించి కూడా వ్యాసం మౌనంగా ఉంది. స్క్వాడ్ ఆటలోకి కావాలని ఒక్కడే దిగి, నలుగురేసి జట్లను వరుసగా మట్టికరిపించడం వాటి సారాంశం. చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది. అయితే వీడియోగా పెట్టింది గెలిచిన ఆట. ఎన్ని ఓడాక అది దొరికిందో చూపించరు. కింది ర్యాంకుల్లో ఎదురయ్యే శత్రువుల్లో చాలామంది మనుషులు కాదు, కంప్యూటర్ నడిపే బాట్లు. ఇవి చూసి మా చిన్నవాడు జట్టును వదిలేసి ఒక్కడే ఊళ్లోకి రష్ చేస్తాడు, నాక్ అవుతాడు, "రివైవ్ ఇవ్వండి, రివైవ్ ఇవ్వండి" అని అరుస్తాడు. సోలో ధైర్యం స్క్వాడ్ భరోసాతో చూపించే ఈ అలవాటు రెండు ఆటల్లోని లోపాలనూ కలుపుకున్నది. వాడిని కొన్నాళ్లు సోలోలోకి పంపితే, లేపేవాళ్లు లేరన్న సంగతి మా మాటలకంటే త్వరగా తలకెక్కింది.

మీ వ్యాసానికి రెండో భాగం వేసే ఆలోచన ఉంటే నాదొక మనవి. సోలో మంచిదా, స్క్వాడ్ మంచిదా అనే తీర్పు పక్కనపెట్టి, తల్లిదండ్రులు పిల్లలను అడగవలసిన ప్రశ్నలు రాయించండి: నీ స్క్వాడ్‌లో ఎవరున్నారు, వాళ్లలో నువ్వు బయట ఎరిగినవాళ్లు ఎందరు, నలుగురు దొరకనప్పుడు ఖాళీని రాండమ్స్‌తో నింపుతున్నావా లేక ఇద్దరే డుయోకు వెళ్తున్నావా. నలుగురు దొరకకపోతే డుయో అనేది చాలామంది పెద్దలకు తెలియని సులువైన మార్గం. అందులో పరాయివాడికి చోటే లేదు. స్పీకరును తన జట్టుకే పరిమితం చేయడం, అపరిచితుడి గొంతు ఆపేయడం, తిట్టినవాడి మీద ఆట ముగియగానే ఫిర్యాదు చేయడం ఏ మీటలతో జరుగుతాయో తెర బొమ్మలతో సహా వేయండి. ఆ బొమ్మలు తీయడానికి మనిషి కావాలంటే మా ఇంట్లో ముగ్గురు సిద్ధంగా ఉన్నారు, దసరా సెలవుల దాకా ఆగితే చాలు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం